మూడు గొంతులు, ఒకటే శ్రుతి

ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్‌కు అసలు గాయకుడెవరు? మన హాస్టల్ వరండాలో సెమిస్టర్ పరీక్షల ముందురోజు కూడా తెగని వాదం ఇది. బ్రూస్ డికిన్సన్ పార్టీ పెద్దది. పాల్ డియానో తరఫున గొంతు చించుకునేవాళ్లు ముగ్గురో నలుగురో. బ్లేజ్ బేలీ పేరెత్తితే దిండ్లు లేచేవి. సంచికకు ఏదైనా రాయమన్నారు కదా, ఆ కేసు తిరగదోడుతున్నా. బేలీ గొంతులో దోషం లేదు, పాడించిన శ్రుతిలో ఉంది.

ముందు బ్యాండ్ సంగతి. బాస్ వాయించే స్టీవ్ హారిస్ 1975 చివర్లో తూర్పు లండన్‌లో పెట్టాడు. పాటల్లో సింహభాగం ఆయనవే. పిక్ లేకుండా వేళ్లతో మీటే ఆ గుర్రపు దౌడు, ఒక పొడుగు దెబ్బ, వెంటనే రెండు పొట్టివి, పాటంతా పరిగెత్తిస్తుంది. మాటలూ ఆ దౌడు మీదే కూర్చుంటాయి, ఊపిరి తీసుకునే సందు తక్కువ. గిటార్లది మామూలు ‘ఇ’ ట్యూనింగ్, అంటే అన్నిటికన్నా మంద్రపు తీగను ‘ఇ’ స్వరానికి బిగిస్తారు. చాలా పాటలకు ఆధారం ఆ ‘ఇ’నే, అంటే మన కచేరీ లెక్కలో మూడు శ్రుతి. ‘ద ట్రూపర్’ వింటే నఠభైరవి స్వరాలు దొరుకుతాయి. మన దగ్గర మగ గాయకులు ఎక్కువమంది ఒకటికో ఒకటిన్నరకో కూర్చుంటారన్నది గుర్తుంచుకోండి.

డియానో పాడింది రెండే ఆల్బమ్‌లు: 1980లో బ్యాండ్ పేరుతోనే వచ్చినది, 1981లో ‘కిల్లర్స్’. మధ్య స్థాయి, కొంచెం జీర, పొట్టి పొట్టి పాదాలు. పాదం చివర సాగదీయడు, విరిచి వదిలేస్తాడు. ‘రాత్‌చైల్డ్’కు ఆ విరుపే ప్రాణం. డికిన్సన్ అదే పాటను స్టేజీ మీద ఎంత బాగా పాడినా కాస్త ఇస్త్రీ చేసినట్టుంటుంది. అలాగని డియానోకు మెత్తదనం లేదనుకోవద్దు, ‘రిమెంబర్ టుమారో’ మొదటి నిమిషం వినండి. మత్తు అలవాట్లు కచేరీలను దెబ్బతీయడంతో 1981లోనే దారులు వేరయ్యాయి. 2024 అక్టోబరులో పోయాడు.

శాంసన్ బ్యాండ్ నుంచి వచ్చిన డికిన్సన్‌తో 1982లో ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’ వచ్చింది. పాత ఒప్పందం చిక్కు వల్ల ఆ ఆల్బమ్ పాటల రచనలో అతని పేరు వేయలేకపోయారు. ఆ టైటిల్ పాటలో మొదట మాటలు, తర్వాత గిటార్ మీద గుసగుసలాంటి పాట, ఆ వెంటనే ఆ కేక. నిర్మాత మార్టిన్ బర్చ్ ఆ గుసగుస పాదాలనే గంటల తరబడి మళ్లీ మళ్లీ పాడించాడట. చిరాకు నెత్తికెక్కాక వచ్చిందా కేక. చెవి పెట్టి వింటే అందులో జీర లేదు. దమ్ము పొట్ట నుంచి వస్తోంది, గొంతు తెరిచే ఉంది. అలాంటి మనిషి 1990 ఆల్బమ్‌లో కావాలని జీర పెట్టి పాడాడు. నాకైతే అతని బలహీనమైన రికార్డింగ్ అదే. తెరిచిన గొంతు మూసుకుంటే పై స్వరాల్లో మెరుపు పోతుంది.

1993లో అతను వెళ్లిపోయాడు, 1994లో వుల్ఫ్‌స్‌బేన్ నుంచి బేలీ వచ్చాడు. ఇతనిది బారిటోన్, మంద్రంలో నిండుగా మోగే గొంతు. కొత్త పాటల దాకా నెగ్గుకొచ్చాడు, చిక్కంతా స్టేజీ మీద. ‘హాలోడ్ బీ దై నేమ్’ లాంటివి డికిన్సన్ శ్రుతిలోనే పాడాలి, బ్యాండ్ అరస్వరం కూడా దించలేదు. ఆ పాట ఆఖర్లో గొంతు తారస్థాయిలో నిలబడాలి. బారిటోన్ అక్కడ దమ్ముతో కాక కండరంతో నెడతాడు. నెడితే మొదట స్వరం కిందికి జారుతుంది, తర్వాత గొంతు పట్టేస్తుంది. కొన్ని కచేరీలు రద్దయ్యాయి కూడా. పైగా 1995 నాటి ‘ద ఎక్స్ ఫ్యాక్టర్’ రికార్డింగ్ బొత్తిగా పొడి, గొంతుకు గది గాలి తగలనట్టుంటుంది.

సాక్ష్యం కావాలా? ఆ ఆల్బమ్‌లోని ‘సైన్ ఆఫ్ ద క్రాస్’, పదకొండు నిమిషాల పాట, ముందు బేలీ గొంతులో వినండి. తర్వాత 2001 రియో కచేరీలో డికిన్సన్ పాడింది వినండి. పల్లవి రెండోవాడిది, అనుమానం లేదు. కానీ మొదట్లో సన్యాసుల జపంలాంటి చోట వచ్చే చీకటి బేలీదే. పాట బలహీనమైతే 1999లో తిరిగొచ్చిన డికిన్సన్ దాన్ని నెత్తిన పెట్టుకునేవాడా?

రీయూనియన్ రాత్రి మెయిడెన్ పాడతామని గ్రూపులో ఊగిపోతున్నవాళ్లకు: బేలీకి జరిగింది మీకు జరగనివ్వకండి. ఆరు తీగలూ ఒక స్వరం దించి డి-జి-సి-ఎఫ్-ఏ-డి చేయండి, బాస్‌నూ అంతే దించాలి. తొమ్మిది గేజ్ (సన్న రకం) తీగలైతే వదులై దౌడులో గలగలమంటాయి, లావుపాటి పదకొండు వేయండి. తీగలు మార్చిన రోజే స్టేజీ ఎక్కొద్దు, శ్రుతి నిలవదు. డ్రమ్స్ హోరులో తన గొంతు వినబడకే గాయకుడు అరుస్తాడు, కాబట్టి మానిటర్‌లో (స్టేజీ మీద గాయకుడి వైపు తిప్పిన స్పీకర్‌లో) గిటార్ తగ్గించి గొంతు పెంచమనండి. కీబోర్డ్ వాయించేవాడికి ట్రాన్స్‌పోజ్ మైనస్ రెండని, అంటే రెండు అరస్వరాలు కిందికని, ముందే చెప్పండి. మరిచిపోయారో, మొదటి కార్డ్‌కే జూనియర్ల ముందు దొరికిపోతాం.