ఒక బండకు మూడు పేర్లు

మా గ్రానైట్ కంపెనీకి చీమకుర్తిలో క్వారీ, గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లో పాలిష్ ఫ్యాక్టరీ, బల్లికురవలో చిన్న కటింగ్ యూనిట్ ఉన్నాయి. ఒంగోలు ఆఫీసులో లెక్కలు చూసేది నేను. మూడు చోట్లా లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీలు మూడు, వాటి పక్కన ఎక్సెల్ షీట్లు, అన్నిటికీ మూలం లాంగ్ నోటుబుక్కులు. నెలాఖరుకు పెన్‌డ్రైవ్‌లు బస్సెక్కి నా టేబుల్ మీదికి వచ్చేవి.

ఏదో నడుస్తోంది కదా అని ఎవరూ కదిలించలేదు. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్ళకి కూడా ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, తప్పనిసరి అయింది. ఆ వారంలోనే బల్లికురవ నుంచి ఫోన్. "సార్, 45వ నంబరు బిల్లు డూప్లికేట్ అంటోంది పోర్టల్. నేనిప్పుడేగా కొడుతోంది!" గుండ్లాపల్లి వాళ్ళు పొద్దున్నే 45 కొట్టేశారు మరి. రాష్ట్రంలో ఎన్ని యూనిట్లున్నా మాకు జీఎస్టీ నంబరు ఒకటే. ఆ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, బిల్లు నంబరు, ఈ నాలుగూ కలిపితేనే ఐఆర్‌ఎన్, అంటే బిల్లు గుర్తింపు నంబరు, పుడుతుంది. నాలుగూ ఒకటే అయితే పోర్టల్ రెండోదాన్ని తీసుకోదు. మరి అంతకుముందు రిటర్నులు ఎట్లా వెళ్ళాయని ఆరా తీస్తే, ఆడిటర్ గారి ఆఫీసులో ఒక కుర్రాడు మా బిల్లు నంబర్ల ముందు తలా ఓ అక్షరం తగిలించి వేసేవాడట. ఆరేళ్ళుగా! పాపం, ఆ కుర్రాడే మా సెంట్రల్ సిస్టమ్ అన్నమాట.

"అన్నీ ఒకచోటికి తెచ్చెయ్" అన్నారు ఓనరు గారు, టీ తెచ్చెయ్ అన్నట్టు.

పెద్ద సాఫ్ట్‌వేర్ వాళ్ళొచ్చి డెమో ఇచ్చారు. రంగురంగుల గ్రాఫులు. చివర్లో "మీ ఐటెమ్ మాస్టర్ పంపండి సార్" అన్నారు. సరుకులన్నిటికీ ఒకే జాబితా అన్నమాట. అదే ఉంటే మిమ్మల్నెందుకు పిలుస్తాం? రేటు కూడా మా తాహతుకు మించింది. ఆఖరికి అందరికీ చేయి తిరిగిన టాలీనే ఉంచాం. అద్దె సర్వర్ మీద ఒకే కంపెనీ, అందులో మూడు గోడౌన్లు, బండ నంబరే బ్యాచ్ నంబరు. బిల్లు నంబరుకు ముందు యూనిట్ గుర్తు. క్వారీ నుంచి ఫ్యాక్టరీకి పోయే బండకు బిల్లు అక్కర్లేదు, డెలివరీ చలానా, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు చాలు. ఇదంతా పది రోజుల పని.

నాలుగు నెలలు తిన్నది పేర్లు. మూడు టాలీల ఐటెమ్‌లు కలిపితే ఆరొందల పైచిలుకు. ఒకచోట 'గెలాక్సీ 2 సెం.మీ.', ఇంకోచోట 'బి.జి. (బ్లాక్ గెలాక్సీ) 20 ఎంఎం', మూడోచోట 'చీమకుర్తి నలుపు పాలిష్'. మూడూ ఒకటే రాయి. పార్టీల, అంటే మా ఖాతాదారుల, పేర్లూ అంతే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు బల్లికురవ బాపట్ల జిల్లాలోకి పోయింది. అక్కడి పార్టీ ఒకాయనకు ఒక టాలీలో ప్రకాశం, ఇంకోదాంట్లో బాపట్ల అడ్రసు. ఒక ఖాతాలో ఆయన మాకు బాకీ, రెండోదాంట్లో ఆయన అడ్వాన్సు మా దగ్గరుంది. బాకీ కోసం మేం ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఎందుకు తిట్టేవాడో అప్పుడర్థమైంది.

కొలతల దగ్గర అసలు టెన్షన్ మొదలైంది. క్వారీలో బండను బయటి కొలతతో రాస్తారు. ఫ్యాక్టరీ వాళ్ళు అలవెన్స్ (అంచుల్లో వృథా పోయే భాగం) తీసేసి నెట్, అంటే మిగిలిన కొలత, రాస్తారు. 300, 180, 160 సెంటీమీటర్ల బండ క్వారీ పుస్తకంలో 8.64 క్యూబిక్ మీటర్లు. మూడు వైపులా పదేసి సెంటీమీటర్లు తీస్తే 7.395. మధ్యలో మాయమైన 1.245ను ఏడాదికోసారి 'తరుగు' అని రాసి చేతులు దులుపుకునేవాళ్ళం. క్వారీ సూపర్‌వైజర్ బాబాయిని నెట్ రాయమంటే ఒప్పుకోలా.

"ఏంది అబ్బాయ్, కళ్ళెదుట ఉన్న రాయిని లేదని రాయమంటావా?"

ఆయన మాటా న్యాయమే. రెండు కొలతలూ ఎక్కించేటట్టు పెట్టాం. బాబాయి కంప్యూటర్ ముట్టడు. పైగా గుంతలో సిగ్నల్ ఉండదు. సాయంత్రం పైకొచ్చి నోటుబుక్కు ఇస్తే గుమస్తా కుర్రాడు ఎక్కిస్తాడు.

2024 మార్చి 31, ఆదివారం, స్టాకు లెక్క. మర్నాటి నుంచి కొత్త ఖాతా. ఎండకు బండ మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. నంబర్ల మీద దుమ్ము పేరుకుపోయి 1 ఏదో 7 ఏదో తెలియట్లేదు. బాబాయి బిందెతో నీళ్ళు తెచ్చి చల్లాడు. రాయి నల్లబడి తెల్ల పెయింటు పైకి తేలింది. ఆ నీళ్ళు ఆరేలోపు నంబరు చదివి రాసుకోవాలి. అట్లా యార్డంతా తిరిగాం.

ఇంత చేసీ ఒకటి వదిలేశాను. బాబాయి పుస్తకంలో కొన్ని నంబర్ల పక్కన వంకర గీత ఉండేది. చెయ్యి జారి పడ్డ గీతలే అనుకుని ఎక్కించమనలేదు. మే నెలలో ఎక్స్‌పోర్ట్ ఆర్డరుకు కోసిన ఒక బండలో స్లాబులు వరసగా విరిగాయి. ఆ గీత 'లోపల సన్న పగులు ఉంది' అని గుర్తట. ముప్పై ఏళ్ళ నుంచి అట్లాగే వేస్తున్నాడు. "నువ్వడిగితే చెప్పనా?" అన్నాడు. ఇప్పుడు బ్యాచ్ పేరు చివర 'ప' ఉంటే ఎక్స్‌పోర్ట్‌కు పోదు.

గుండ్లాపల్లి యార్డులో ఒక బండ మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. బిందెడు నీళ్ళు పోసినా నంబరు తేలలేదు. దాన్ని 'పేరు లేని బండ' అనే బ్యాచ్ కింద ఎక్కించాను. డ్రైవర్లు దాని మీద కూర్చునే టీ తాగుతారు.