గుండె కవాటాన్ని కోడ్‌లో కదిలించడం: నా అనుభవం

గుండెలో రక్తప్రవాహానికి సొంతంగా ఒక సిమ్యులేషన్ రాద్దామని కూర్చుంటే, నన్ను బాగా సతాయించింది ద్రవాల కదలికను వర్ణించే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు కాదు, కవాటం రెక్కలు. మామూలు గొట్టంలో గోడ ఎక్కడుందో ముందే తెలుసు. ఇక్కడ రక్తం తోస్తే రెక్క కదులుతుంది, రెక్క కదిలితే రక్తం దారి మారుతుంది. పైగా రెండింటి సాంద్రతా దాదాపు ఒకటే, ఘనమీటరుకు 1060 కిలోల దగ్గర, అందుకే ఒక్కోదాన్నీ విడిగా లెక్కగట్టి తర్వాత అతికిద్దామంటే లెక్క ఇట్టే అదుపు తప్పుతుంది.

దారి చూపించింది చార్లెస్ పెస్కిన్ 1972లో ప్రతిపాదించిన ఇమ్మర్స్‌డ్ బౌండరీ పద్ధతి. ద్రవాన్ని లెక్కగట్టే బిందువుల గడి, అంటే గ్రిడ్, కదలదు. రెక్క అంటే స్ప్రింగులతో కలిపిన బిందువుల వరుస. స్ప్రింగులు ఎంత సాగాయో చూసి బలం లెక్కించి, దాన్ని చుట్టుపక్కల గ్రిడ్ బిందువులకు పంచి, ద్రవం వేగం కనుక్కుని, అదే వేగంతో రెక్కను జరపాలి, మళ్లీ మొదటికి రావాలి. ఇంత అందమైన ఆలోచన నేను చాలా తక్కువ చూశాను.

టెన్షన్ అంతా టైమ్ స్టెప్‌తోనే, అంటే లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిపే కాలంతోనే. స్ప్రింగు గట్టిదయ్యేకొద్దీ కంపనం వేగం పెరుగుతుంది, స్టెప్ అంత చిన్నది కాకపోతే అంకెలు పేలిపోతాయి, దాంతో ఒక్క గుండె స్పందన పూర్తవడానికి కంప్యూటర్ రాత్రంతా నడిచేది. కానీ రెక్క వెనక ధమని ఉబ్బులో సుడి తిరగడం, ముందుకు పారే రక్తం పూర్తిగా ఆగకముందే రెక్క మూసుకోవడం మొదలుపెట్టడం తెరమీద కనిపించినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. ఈ సుడి గురించి లియొనార్డో డావిన్చీ 16వ శతాబ్దం మొదట్లోనే రాసిపెట్టాడు!

తర్వాత అదే కోడ్‌ను ఎర్ర రక్తకణానికి మార్చాను. సుమారు 8 మైక్రాన్ల కణం తనకన్నా సన్నటి కేశనాళికలో దూరాలి. రెనాల్డ్స్ సంఖ్య (ద్రవం జిగటతో పోలిస్తే జడత్వం ఎంతో చెప్పే అంకె) ఒకటికన్నా బాగా తక్కువ కాబట్టి సమీకరణాల్లోంచి జడత్వం పదాలు తీసేయొచ్చు, అది పెద్ద ఊరట. పొర సులువుగా వంగుతుంది, వైశాల్యం మాత్రం దాదాపు మారదు, బలం సూత్రంలో ఈ రెండూ ఉండాలి.

ఈ పద్ధతిలో కణం లోపలి ద్రవం కొద్దికొద్దిగా కారిపోయినట్టు లెక్క వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు నిశ్చల ద్రవంలో స్ప్రింగు బిందువులతో చేసి సాగదీసిన ఒక దీర్ఘవృత్తాన్ని వదలండి, అది వృత్తంగా మారేలోపు లోపలి వైశాల్యం ఎంత తగ్గిందో చూసుకోండి, కవాటం జోలికి ఆ తర్వాతే వెళ్లండి.