రావణుడు ఎదురుగా ఉండగానే

ఆదిత్యహృదయం చదివేవాళ్లలో చాలామంది "రశ్మిమంతం సముద్యంతం" దగ్గర అందుకుంటారు. అసలు స్తోత్రం అక్కడినుంచే కదా అని ముందున్న శ్లోకాలు వదిలేస్తారు, చివరివీ అంతే. కష్టంలో ఉన్నవాడికి ఎక్కువ అక్కరకొచ్చేవి మాత్రం అవే.

మొదటి శ్లోకంలో రాముడు యుద్ధంలో అలసిపోయి దిగులుగా నిలబడి ఉన్నాడు. ఎదురుగా రావణుడు పోరుకు సిద్ధం. అప్పుడు అగస్త్యుడు వచ్చి, మూడుసార్లు జపించమని ఈ స్తోత్రం చెప్పి వెళ్లిపోతాడు. రాముడు ఆచమనం చేసి, సూర్యుణ్ణి చూసి జపించి, విల్లు అందుకుని మళ్లీ రావణుడి వైపు చూశాడు. రావణుడు పారిపోలేదు, ఒక్క తలా తగ్గలేదు. రాముడి దిగులు ఒక్కటే పోయింది.

అంతటితో గెలిచేశాడా? లేదు. ఆ తర్వాత రాత్రనక పగలనక, క్షణం విరామం లేకుండా యుద్ధం సాగిందంటాడు వాల్మీకి. రావణుడి తల తెగినకొద్దీ మళ్లీ మొలిచింది. జపం చేశాక జరిగిన సంగతులివి! చివరికి సారథి మాతలి గుర్తుచేస్తే రాముడు బ్రహ్మాస్త్రం తీశాడు. ఆ బాణం ఇచ్చింది కూడా అగస్త్యుడే, అరణ్యవాసంలో, సీతాపహరణం ఇంకా జరగకముందే. ఆపద పుట్టకముందే విరుగుడు అమ్ములపొదిలో ఉంది. దేవుడు పట్టించుకోలేదని మనం అనుకునేది జపం అయిపోయాక, బాణం గుర్తురాకముందు ఉండే ఆ మధ్యకాలంలోనే. మాతలి నోట వచ్చిన మాట దేవుడి మాట కాదనుకుని తోసేస్తే ఎలా?

మన శ్రీకాకుళంలో అరసవల్లి సూర్యనారాయణస్వామి ఉన్నాడు కాబట్టి ఈ స్తోత్రం ఆదివారం పొద్దున్నే ఎన్నో ఇళ్లలో వినిపిస్తుంది. మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ లేత కిరణాలు గుడి ముందున్న అనివెట్టి మండపం దాటి మూలవిరాట్టు పాదాలను తాకుతాయని తెల్లవారకముందే జనం బారులు తీరతారు. మబ్బు పట్టిన ఏడు ఆ దర్శనం ఉండదు. ఈసారి స్వామికి దయ లేదని నిట్టూర్చి వెనుదిరిగేవాళ్లూ ఉంటారు, పాపం.

ఇంట్లో చేసుకునేవాళ్లు స్నానం చేసి, సూర్యోదయానికి తూర్పుముఖంగా నిలబడాలి. రాగిచెంబులో నీళ్లు, చిటికెడు ఎర్రచందనం, కాసిని అక్షతలు, ఒక ఎర్ర మందారం చాలు. మూడుసార్లు అర్ఘ్యం విడవాలి. నీళ్లు కాళ్లమీద పడకుండా కింద పళ్లెం పెట్టుకుని, తర్వాత ఏ చెట్టు మొదట్లోనో పోస్తే సరి. స్తోత్రం నిదానంగా చదివితే ఒక్కసారికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మూడుసార్లూ పరుగుపరుగున పది నిమిషాల్లో ముగించేకంటే ఒక్కసారి స్థిమితంగా చదవడం మేలని మా అభిప్రాయం. సూర్యుణ్ణి ఒక్కసారి దర్శించుకుని చూపు దించుకోవాలి. నీటిధారలోంచి తదేకంగా చూస్తే కళ్లకేమీ కాదనుకోవడం పొరపాటు, రెటీనా దెబ్బతింటుంది.

మొక్కులో ఎక్కువగా జరిగే తప్పు గడువు పెట్టడం. ఇన్ని ఆదివారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) దిగాలి అని లెక్క కట్టుకుంటారు. దిగకపోతే పారాయణం ఆపేస్తారు, కొందరు మందులే ఆపేస్తారు. కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఇంటింటి కష్టం. 2018లో తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను పడగొట్టిన నేల కూడా అదే. అక్కడివాళ్లు డయాలసిస్ రోజున పూజ తప్పిందని బాధపడనక్కర్లేదు. సూది గుచ్చుకుని పడుకున్న మంచంమీదే మనసులో చదువుకోవచ్చు, గొంతు లేనివాళ్లకు పక్కనున్నవాళ్లు చదివి వినిపించవచ్చు.

ప్రసాదం దగ్గర మాత్రం జాగ్రత్త. కొబ్బరినీళ్లలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇచ్చేస్తే దోషమేమీ లేదు. ఆచమనానికి భయం అక్కర్లేదు. శాస్త్రం చెప్పిన కొలత అరచేతిలో మినపగింజ మునిగేంత నీళ్లే, మూడుసార్లు తీసుకున్నా డాక్టరు చెప్పిన నీటి లెక్క దాటదు.