తగలబెడితేనే బతికే మైదానం

అమెరికా పశ్చిమ తీరంలోని ఒరెగాన్ రాష్ట్రానికి వెళ్లినవాళ్లు జలపాతాలు, సముద్రతీరం చూసి ఫోటోలు దిగి వస్తారు. నేను ఒక సీతాకోకచిలుక కోసం వెళ్లాను. పోర్ట్‌లాండ్ నుంచి దక్షిణంగా గంటకు పైగా డ్రైవ్ చేస్తే, విల్లమెట్ లోయలో బాస్కెట్ స్లౌ అనే వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం వస్తుంది. చిత్తడి నేల, గడ్డి మైదానం, గుట్ట మీద ఓక్ చెట్లు.

మే నెల కావడంతో దిగువ తడి నేలలో నీలి కామాస్ పూలు విరగబూశాయి. వాటి కింద ఉల్లిగడ్డ లాంటి దుంప ఉంటుంది. ఈ లోయ మూలవాసులైన కలపూయా ప్రజలకు ముఖ్యమైన తిండి అదే. ఆడవాళ్లు కర్రలతో తవ్వి, పెద్దవి ఏరుకుని, చిన్నవి నేలలోనే వదిలేవారు. గుంటలో కాల్చిన రాళ్ల మీద దుంపలు పరిచి, మట్టి కప్పి ఒకటి రెండు రోజులు మగ్గబెడితే, అందులోని ఇనులిన్ అనే అరగని పిండిపదార్థం తియ్యటి చక్కెరగా మారుతుంది. తెల్లపూల డెత్ కామాస్ దుంప కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కాకపోతే అది విషం. పూత మీద ఉన్నప్పుడే తేడా తెలిసేది.

గుట్ట ఎక్కుతుంటే కింకెయిడ్ లుపిన్ మొక్కలు కనిపించాయి. ఫెండర్స్ బ్లూ సీతాకోకచిలుక ముఖ్యంగా వీటి ఆకుల అడుగునే గుడ్లు పెడుతుంది. 1930ల తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న ఈ జాతి 1989లో మళ్లీ దొరికింది. 2023లో దాని ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించారు. కాసేపు కదలకుండా నిలబడితే అంగుళం వెడల్పున్న నీలి రెక్కలు రెండు మూడు కనబడ్డాయి. దాని చుట్టం సిల్వరీ బ్లూ కూడా ఇక్కడే ఎగురుతుంది కాబట్టి ఒట్టేసి చెప్పలేను.

అసలు సంగతంతా నిప్పులో ఉంది. కలపూయాలు వేసవి చివర్లో ఈ లోయకు నిప్పు పెట్టేవారు. 1826లో ఇటు వచ్చిన వృక్షశాస్త్రవేత్త డేవిడ్ డగ్లస్‌కు, నేలంతా కాలిపోయి గుర్రాలకు గడ్డి దొరకడమే కష్టమైంది. పొదలు కాలితే లుపిన్‌కి ఎండ, కామాస్‌కి చోటు దొరుకుతాయి. కాలిన హేజెల్ పొదల నుంచి బుట్టలల్లడానికి నిటారైన చువ్వలొస్తాయి. 1856లో ఆ జనాన్ని గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కి, అంటే మూలవాసుల కోసం ప్రభుత్వం కేటాయించిన ప్రాంతానికి, తరలించారు. నిప్పు ఆగింది, నాగలి దిగింది. నాగలి తగలని చోట పొదలు, డగ్లస్ ఫిర్ చెట్లు కమ్ముకున్నాయి. అప్పటి మైదానంలో ఇప్పుడు మిగిలింది నూటికి ఒకటి రెండు పాళ్లే. కంచె వేసి వదిలేస్తే ప్రకృతి దానంతటదే బాగుపడుతుందనే మాట ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు మళ్లీ కాలుస్తున్నారు, కానీ ఒక్కో ఏడు ఒక్కో ముక్కే. లుపిన్ మొదళ్ల దగ్గర నిద్రావస్థలో ఉన్న గొంగళిపురుగులు మంటలో మాడిపోతాయి మరి. కాలని ముక్కలో బతికినవి తర్వాత ఇటు వచ్చి చేరతాయి. గ్రాండ్ రోండ్ తెగలు కూడా తమ భూముల్లో ఈ దహనాలను తిరిగి మొదలుపెట్టాయి.

వెళ్లేవాళ్లు ఎండ కాసే రోజు చూసుకోండి, మబ్బు పడితే ఇవి సరిగా ఎగరవు. బాట మాత్రం దిగొద్దు. లుపిన్ నలుగుతుంది, పైగా అక్కడి పాయిజన్ ఓక్ అనే పొద తగిలితే ఒళ్లంతా దద్దుర్లే.