పెన్నేటి ఇసుక ఎప్పుడు కదులుతుంది?

కడప జిల్లాలో పెన్నను ఎండాకాలంలో చూసినవారు దానిని ఎండిపోయిన ఏరు అంటారు. నాకు మాత్రం అప్పుడే ఏటి స్వభావం పూర్తిగా కనిపిస్తుంది, ఎందుకంటే మనం చూసే ఆ ఇసుక మేటలన్నీ ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే వచ్చే వరద చేసిపోయిన పని.

నది అడుగున గులకరాళ్లు దొర్లుతాయి, ముతక ఇసుక గెంతుతూ సాగుతుంది, సన్నని ఒండ్రు నీటిలో కలిసి చాలా దూరం పోతుంది. ప్రవాహ వేగం రెట్టింపయితే అది కదిలించగల రాయి వ్యాసం సుమారు 4 రెట్లు, బరువు సుమారు 64 రెట్లు పెరుగుతుందని పాత లెక్క ఒకటి ఉంది. మామూలు పారకంలో కదలని రాళ్లు పెద్ద వరదలో ఎందుకు కొట్టుకుపోతాయో దీనినిబట్టి తెలుస్తుంది. ఇంకొక వింత ఏమిటంటే, అన్నిటికంటే తేలికగా లేచేది సన్నని బంకమట్టి కాదు, ఇసుకే. బంకమట్టి రేణువులు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి కనుక వాటిని విడదీయడానికి ఎక్కువ వేగం కావాలి. ఒకసారి లేచాక మాత్రం అవి అంత సులువుగా అడుగుకు చేరవు. స్వీడన్‌కు చెందిన భూగోళ శాస్త్రవేత్త ఫిలిప్ యూల్‌స్ట్రోమ్ 1935లో ఈ సంగతిని ఒక రేఖాచిత్రంలో చూపించాడు.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ కమలాపురం ప్రాంతం. అక్కడ పెన్నలో కలిసే కుందు నంద్యాల వైపు నల్లరేగడి నేలల మీదుగా వస్తూ బురదను తెస్తుంది. పాపాఘ్ని ఎగువన గ్రానైటు నేలలను కడుగుతూ వస్తుంది కనుక ముతక ఇసుకను తెస్తుంది. ఏ ఉపనది ఏ రాతినేల నుంచి వచ్చిందో దాని ఇసుకను చేత్తో తీసుకుని చూస్తే చాలావరకు చెప్పవచ్చు. ఇంకా ఎగువన గండికోట లోయను చూసి నీటి బలాన్ని అందరూ పొగుడుతారు గానీ, అంత గట్టి రాతిని నీరొక్కటే కోయలేదు. అది ఈడ్చుకొచ్చిన ఇసుకా గులకరాళ్లే దానికి ఉలి.

ఆనకట్ట కడితే ఈ నడక ఆగిపోతుంది. అనంతపురానికి ఎగువ కాలువ ద్వారా నీరిచ్చే తుంగభద్ర జలాశయం 1953 ప్రాంతంలో నిండడం మొదలైనప్పుడు దాని సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. 2016 సర్వే ప్రకారం 105.788 టీఎంసీలు. పోయినదంతా పూడిక ఆక్రమించిన చోటే. మరోవైపు, ఇసుకను వెనక వదిలేసి ఆనకట్ట దాటిన తేటనీరు దిగువన ఏటి అడుగునూ గట్లనూ కోసుకుంటూ పోతుంది. కట్ట తెగితే కథ తిరగబడుతుంది: 2021 నవంబరులో పెన్న ఉపనది చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగినప్పుడు దిగువ పొలాలు ఇసుక మేటల కింద పడ్డాయి.

ఇసుక తవ్వకాలపై నా ఆందోళన కూడా ఇక్కడి నుంచే పుట్టింది. ఏటిలో చెలమ తీస్తే నీరూరేది ఇసుక పొర తన సందుల్లో వరదనీటిని దాచుకోవడం వల్లనే. ఆ పొరను తోడేస్తే ఒడ్డు వెంబడి బావులు అడుగంటుతాయి, వంతెనల పునాదులు బయటపడతాయి. ఎగువన జలాశయాలు ఇసుకను పట్టి ఉంచుతున్నప్పుడు ఏ వరద ఎంత ఇసుకను తెచ్చిందో ఏటేటా కొలవాలి, ఆ కొలత వచ్చిన తరువాతే ఆ రేవులో తవ్వకానికి అనుమతి ఇవ్వాలి.