ఆవు ఎవరిదో దూడ వాళ్ళది

ఉత్తర వర్జీనియాలో ఉండే తెలుగువాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. ఊరి నుంచి పెద్దవాళ్ళొస్తే మొదటి వారం వైట్ హౌస్, రెండో వారం ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం, మూడో వారం మౌంట్ వెర్నన్‌లో జార్జ్ వాషింగ్టన్ గారిల్లు, ఆ తర్వాత అవుట్‌లెట్ మాల్. మా అత్తమ్మ ఇది మూడోసారి రావడం. ఆమెకి ఆ ఇంటికంటే వెనకాల పారే పొటోమాక్ నది ఇష్టం, వరండాలో కుర్చీ దొరికితే కదలదు. ఈసారి మాత్రం మా చిన్నది కదిలించింది. దానికిప్పుడు నాలుగో తరగతి. ఇక్కడ ఆ తరగతిలోనే రాష్ట్ర చరిత్ర చెబుతారు కాబట్టి గైడు పని అదే పెట్టుకుంది.

గ్రీన్‌హౌస్ పక్కన బానిసలు పడుకున్న ఇటుక గదులున్నాయి. లోపల గోడకి ఆనించి రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి చెక్క పడకలు. అత్తమ్మ తల వంచి లోపలికి చూసి, "ఇందరు ఒక్క అర్రల పన్నరా?" అంది.

"నానమ్మా, వాషింగ్టన్ చనిపోయేటప్పుడు వీళ్ళని ఫ్రీ చేశాడు, కానీ అందర్నీ కాదు. సగం మంది ఆయనవాళ్ళు కారు. ఆయన వైఫ్ మార్తా ఉంది కదా, ఆమె మొదటి హస్బెండ్ వాళ్ళు."

"మొదటి మొగడా?" అత్తమ్మకి అక్కడ ఆసక్తి పుట్టింది.

మారుమనువు సంగతితో మొదలుపెట్టి నేను చెప్పుకొచ్చాను. డేనియల్ పార్క్ కస్టిస్ అనే ఆస్తిపరుడు 1757లో వీలునామా రాయకుండా పోయాడు. అప్పటి చట్టం ప్రకారం విధవకి మూడో వంతు, అదీ బతికున్నంత కాలమే. ఆ వంతులో పొలంతో పాటు 80 మందికి పైగా మనుషులు వచ్చారు. వాషింగ్టన్‌ని మార్తా పెళ్ళి చేసుకున్నాక వాళ్ళ చేత పని చేయించుకునే హక్కు ఆయనకి వచ్చింది గానీ, అమ్మడానికీ వదిలేయడానికీ హక్కు రాలేదు. మార్తా పోగానే కస్టిస్ వారసులకే చెందాలి.

అత్తమ్మకి ఇది మన చిన్నదానికంటే తొందరగా అర్థమైంది. "తిని బతుకుడే, అమ్మేది లేదు. మా మేనత్తది గట్లనే ఉండె" అంది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా మన దగ్గర విధవ చేతికొచ్చిన భర్త ఆస్తి సంగతీ అంతే కదా. మన దస్తావేజుల్లో కనిపించే "దాన విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా" అనే మాట అలాంటి ఆడవాళ్ళకి వర్తించేది కాదు. వర్జీనియాలో 1705లో చేసిన చట్టం బానిసల్ని వారసత్వం లెక్కకి స్థిరాస్తి అనేసింది. అంటే మనుషుల్ని పొలం కింద జమకట్టారు.

1799లో వాషింగ్టన్ తన చేత్తో రాసిన జాబితా ఒకటుంది. మొత్తం 317 మంది. అందులో 120 మందికి పైగా ఆయన సొంతం, నలభై మంది దాకా పక్కవాళ్ళ దగ్గర అద్దెకి తెచ్చినవాళ్ళు, మిగిలిన 153 మంది మార్తా వాటా. పేరు, వయసు, ఏ పని, పెళ్ళయితే మొగుడో పెళ్ళామో ఎక్కడుంటారు అన్నీ రాశాడు. ఆయన పదకొండేళ్ళప్పుడు, 1743లో తండ్రి పోతే, వాటాగా పది మంది బానిసలు వచ్చారట. మా చిన్నదానికంటే ఏడాదో రెండేళ్ళో పెద్ద, అంతే. దాని పేరున మేం తీసింది కాలేజీ ఖర్చుల ఖాతా ఒక్కటే. అందుకేనేమో ఆ పదకొండు దగ్గర నా ఆలోచన కాసేపు ఆగిపోయింది.

ఆ తర్వాత చిన్నది ఓనా జడ్జ్ అనే బానిస కథ ఎత్తుకుంది. తల్లి బెట్టీ మార్తా వాటాలో బానిస, కుట్టుపని చేసేది. తండ్రి తెల్లాయన, కొన్నేళ్ళ ఒప్పందం మీద ఇంగ్లండ్ నుంచి వచ్చిన దర్జీ. "నాన్న ఫ్రీ అయితే ఓనా ఎందుకు స్లేవ్? అది అన్యాయం కదా నానమ్మా?"

"ఆవు ఎవరిదైతే దూడ వాళ్ళదే గద బిడ్డా" అంది అత్తమ్మ, ఆలోచించకుండా.

చిన్నదాని మొహం మాడిపోయింది. "ఆమె ఆవు కాదు నానమ్మా!" పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. అత్తమ్మ మీద నాకు కోపం వచ్చిందనే చెప్పాలి. కానీ మందలించడానికి ఏముంది? 1662లో వర్జీనియా సభ చేసిన చట్టం సరిగ్గా ఆ మాటే చెప్పింది. ఇంగ్లండ్ పద్ధతిలో బిడ్డకి తండ్రి స్థితే వస్తుంది. బానిసల దగ్గరికొచ్చేసరికి దాన్ని తిరగేసి, తల్లి ఎవరిదో బిడ్డ వాళ్ళది అన్నారు. దాంతో యజమానికి పుట్టిన బిడ్డ కూడా యజమానికే బానిస. ఆ కాలం వీలునామాల్లో కూతురికి ఫలానా ఆడమనిషినీ "ఆమె పెంపునీ" ఇస్తున్నాను అని రాసేవాళ్ళు. పశువుల మందకి వాడే మాటే అది, మన ఈత లాంటిది. తరగతిలో ఇవన్నీ మెత్తగా చెప్పి ఉంటారు. అత్తమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

1796లో మార్తా ఓనాని మనవరాలు ఎలైజాకి పెళ్ళి కానుకగా ఇవ్వాలనుకుంది. అప్పుడు రాజధాని ఫిలడెల్ఫియా. వర్జీనియా ప్రయాణానికి అందరూ పెట్టెలు సర్దుతుంటే తనూ సర్దుకున్నానని, ఎక్కడికో మాత్రం తెలియదని ఓనా ముసలితనంలో పత్రికవాళ్ళతో చెప్పింది. ఇంట్లోవాళ్ళు భోజనానికి కూర్చున్న వేళ వెళ్ళిపోయింది. న్యూ హ్యాంప్‌షైర్‌లో నావికుణ్ణి పెళ్ళాడింది, ముగ్గురు పిల్లల్ని కంది. ఆ ముగ్గురూ చట్టం లెక్కలో కస్టిస్ వారసుల ఆస్తే. 1848లో పోయేనాటికి కూడా ఆమె పారిపోయిన బానిసే. ఆమె దక్కకపోయేసరికి చెల్లెలు డెల్ఫీని ఎలైజాకి ఇచ్చారు.

"పెండ్లికి ఇచ్చిన్రా?" అని రెండుసార్లు అడిగింది అత్తమ్మ. కారెక్కాక మాట్లాడలేదు. నది వెంట దారిలో, అలెగ్జాండ్రియా దాటాక, వెనక సీట్లోంచి ఒక్క మాట అంది: "ఆడబాప."

నాది గుంటూరు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మా అత్తగారిది సూర్యాపేట వైపు. తెలంగాణలో దొరల గడీల్లో కూతురికి పెళ్ళి చేసి పంపేటప్పుడు నగలతో, పశువులతో పాటు ఒక పిల్లని కూడా పంపేవాళ్ళట. ఆ పిల్ల అక్కడే పనిచేస్తూ, దొర పిలిస్తే పోతూ, పిల్లల్ని కంటే ఆ పిల్లలూ ఆ ఇంటికే. అత్తమ్మ వాళ్ళ అమ్మమ్మ పెళ్ళికి అలా ఒక పిల్ల వచ్చిందట. అత్తమ్మకి తెలిసేసరికి ఆమె ముసలిది, ధాన్యం కొట్టు పక్కన పడుకునేది. తల దువ్వేది, పాటలు పాడేది. "మంచిగ చూసుకున్నరు" అంది అత్తమ్మ. మౌంట్ వెర్నన్ గురించి కూడా చాలాకాలం ఇలాగే చెప్పుకున్నారు.

ఇన్నాళ్ళూ పిల్లలు ఈ చరిత్ర అడిగితే నా దగ్గర తయారుగా ఒక జవాబుండేది. "మనం అప్పుడు ఇక్కడ లేం నాన్నా, మనం తర్వాత వచ్చాం." కిందటేడు పెద్దవాడు అడిగాడు, అప్పుడు ఉండుంటే మనం ఎటువైపు ఉండేవాళ్ళం అని. నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య క్లాసులో కూర్చునే మన పిల్లలకి అది ఊరికే వచ్చే ప్రశ్న కాదు. నేను నవ్వి, మనది రైతు కుటుంబం అని తప్పించుకున్నాను. రైతు కుటుంబం మా పుట్టింటి మాట. వాడి నాన్న వైపు సంగతి కారులో కూర్చున్నప్పుడే తెలిసింది. వాడు హెడ్‌ఫోన్స్ తీసి వింటున్నాడు.

అత్తమ్మ అడిగింది, మరి మిగిలిన 153 మంది ఏమయ్యారని. వాషింగ్టన్ తనవాళ్ళు మార్తా పోయాక విడుదల కావాలని రాశాడు, రెండు వాటాలవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు పెళ్ళి చేసుకుని ఉన్నారు కాబట్టి. తన చావు కోసం ఇంతమంది ఎదురుచూస్తున్న ఇంట్లో మార్తాకి ప్రాణభయం పట్టుకుందని అప్పటి అధ్యక్షుడి భార్య అబిగైల్ ఆడమ్స్ ఉత్తరంలో రాసింది. దాంతో 1801 జనవరి 1నే మార్తా ఆయనవాళ్ళని వదిలేసింది. తన వాటావాళ్ళని వదలడానికి హక్కు లేదు. 1802లో ఆమె పోయాక నలుగురు మనవలూ పంచుకున్నారు. మొగుడు స్వతంత్రుడు, పెళ్ళాం పిల్లలు ఎవరో ఒక మనవరాలి పాలు. మనవడి వంతు వాళ్ళు వెళ్ళింది ఆర్లింగ్టన్‌కి. మేం చుట్టాలందర్నీ నిలబెట్టి ఫోటోలు తీసే ఆ కొండ మీది స్తంభాల ఇల్లు అతనిదే. అతనూ 1857లో, అయిదేళ్ళలో వదిలెయ్యమని వీలునామా రాసి పోయాడు. అమలు చెయ్యాల్సింది అల్లుడు, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని అయిన రాబర్ట్ ఈ లీ. 1862 డిసెంబరు చివరిదాకా చెయ్యలేదు. అంటే డేనియల్ కస్టిస్ వీలునామా రాయకుండా పోయిన నూట అయిదేళ్ళకి.

ఆ రాత్రి చిన్నది హోంవర్క్ కాగితం పట్టుకుని అత్తమ్మ దగ్గరికి వెళ్ళింది. "మీ ఇంట్లో ఆ ముసలమ్మ పేరేంటి?"

అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చాలాసేపు ఆలోచించింది. "ముసలమ్మనే అనేటోళ్ళం."

"వాషింగ్టన్ అందరి పేర్లూ రాశాడు" అంది చిన్నది. ఎత్తిపొడవాలని కాదు, దానికి తెలిసింది చెప్పింది.

సూర్యాపేటలో అప్పటికి తెల్లారింది. అత్తమ్మ గిన్నె పక్కన పెట్టి వాళ్ళ అక్కకి వాట్సాప్ కాల్ కలపమంది. స్పీకర్‌లో పెట్టాను. పెద్దమ్మ అంతా విని, "గవన్నీ ఇప్పుడెందుకే? పిల్లలకు ఏం కథలు చెప్తున్నవ్ ఆడ?" అంది.

"కథ గాదక్కా" అంది అత్తమ్మ, ఫోన్ దగ్గరికి లాక్కుని. "పేరు అడుగుతున్న."