సర్వర్‌ను ఆపకుండా డిస్కు మార్పు: ఎనిమిది విడతల పని

మా ఇంటి డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) సర్వర్‌లోని 2 టీబీ డిస్కుకు ఏడేళ్లు నిండాయి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో రీఅలొకేటెడ్ సెక్టర్ల (పాడవడంతో వేరే చోటికి మార్చిన భాగాల) సంఖ్య నెల రోజుల్లోనే 8 నుంచి 40కి చేరడంతో, ఇక ఆలస్యం చేయకూడదని 4 టీబీ డిస్కు కొన్నాను. పాత డిస్కులో కుటుంబ ఫోటోలతో పాటు, మా తాతగారు చెప్పిన హరికథలను క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఫైళ్లు ఉన్నాయి. అమ్మ వాటిని రోజూ సాయంత్రం వింటుంది కాబట్టి, ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేయకుండానే, అంటే ఫైళ్లు అందుబాటులో ఉండగానే, డిస్కుల చోటును కలిపి పంచే ఎల్‌వీఎం సాయంతో తరలించాలని నిర్ణయించుకున్నాను.

శుక్రవారం రాత్రి ముందుగా బయటి డిస్కుకు బ్యాకప్ తీసి, ప్రతి ఫైలుకూ షా256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తేల్చే సంఖ్య) లెక్కించి పెట్టుకున్నాను. పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్ కమాండ్లతో కొత్త డిస్కును పాత వాల్యూమ్ గ్రూపులోనే (డిస్కుల ఉమ్మడి చోటు) చేర్చడానికి నిమిషం కూడా పట్టలేదు.

అసలు ఆలోచన డేటాను ఒక డిస్కు నుంచి మరోదానికి తరలించే పీవీమూవ్ కమాండ్ దగ్గరే అవసరమైంది. అది ఫైళ్లను కాక ఎక్స్‌టెంట్లను, అంటే డిస్కులోని సమాన పరిమాణపు ముక్కలను, కదిలిస్తుంది. కదిలించవలసిన భాగానికి రెండు డిస్కుల మధ్య తాత్కాలికంగా మిర్రర్ (ఒకే డేటాకు రెండు ప్రతులు) ఏర్పరుస్తుంది. అప్పటికే కాపీ అయిన చోట ఏ ప్రోగ్రామ్ రాసినా ఆ రాత రెండింటికీ వెళ్తుంది. కాపీ పూర్తయ్యాక మిర్రర్‌ను విడదీసి, ఏ డేటా ఎక్కడుందో చెప్పే మెటాడేటాలో కొత్త చోటును నమోదు చేస్తుంది. అయితే ఈ నమోదు ఒక్కో సెగ్మెంటు (వరుసగా ఉన్న ఎక్స్‌టెంట్ల గుంపు) ముగిశాకే జరుగుతుంది. నా లాజికల్ వాల్యూమ్ (ఆ గ్రూపులో ఫైళ్లకు కేటాయించిన భాగం) 1,024 లెక్కలో (1 టీబీ = 1,024 జీబీ) 1.5 టీబీ, అంటే 4 ఎంబీ ఎక్స్‌టెంట్లు 3,93,216, అదీ అంతా ఒకే సెగ్మెంటు. చివరి నిమిషంలో కరెంటు పోయినా ఐదారు గంటల పని మళ్లీ మొదటికి వస్తుంది. మా యూపీఎస్ పదిహేను నిమిషాలకు మించి ఆగదు. అందువల్ల పాత డిస్కు పేరు పక్కన కోలన్ పెట్టి 0-49999 అని పరిధి ఇస్తూ, 50,000 ఎక్స్‌టెంట్ల చొప్పున ఎనిమిది విడతలుగా విభజించుకున్నాను. ఒక్కో విడతకు సుమారు 42 నిమిషాలు పట్టింది.

శనివారం మధ్యాహ్నం మూడో విడత 71 శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. సర్వర్ తిరిగి లేచాక ఏ డిస్కు పేరూ ఇవ్వకుండా పీవీమూవ్ అని మాత్రమే కొట్టగా, మూడో విడత మళ్లీ సున్నా నుంచి మొదలైంది. మొదటి రెండు విడతలూ చెక్కుచెదరలేదు. పోయింది అరగంటే. కానీ డిస్కుల జాబితా ఇచ్చే పీవీఎస్ కమాండ్ చూపిన పట్టికలో మరో సంగతి కనబడింది: రీబూట్‌లో పాత, కొత్త డిస్కుల ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లు తారుమారై, పాత డిస్కు పేరైన ఎస్‌డీబీ1 పక్కన 3.64 టీబీ (1,024 లెక్కలో కొత్త డిస్కు పరిమాణం) అని ఉంది. పరిధి లేకుండా పాత కమాండ్‌నే మళ్లీ ఇచ్చి ఉంటే, కొత్త డిస్కుకు చేరిన డేటా తిరిగి పాతదానికే వెళ్లేది. అక్కడి నుంచి ప్రతి విడతలోనూ రీబూట్‌లో మారని, సీరియల్ నంబరుతో కూడిన బై-ఐడీ పేర్లనే వాడాను. ఈ పని చేయదలచినవారు మొదటి నుంచీ అలాగే చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఐదో విడత నడుస్తుండగా అమ్మ పక్క గదిలో రుక్మిణీ కల్యాణం కథ పెట్టుకుంది. టెర్మినల్‌లో శాతం పెరుగుతూ ఉంది, తాతగారి చిడతల మోత ఎక్కడా తడబడలేదు. తెర చూడటం మానేసి నేనూ కాసేపు వింటూ కూర్చున్నాను.

ఆదివారం ఉదయానికి ఎనిమిదో విడత ముగిసింది. వీజీరెడ్యూస్, పీవీరిమూవ్‌లతో పాత డిస్కును తప్పించి, ఎల్‌వీఎక్స్‌టెండ్‌కు ఆర్ ఆప్షన్ జోడించి వాల్యూమ్‌నూ, దానిపైనున్న ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌నూ ఒకేసారి 3 టీబీకి పెంచాను. అప్పుడు కూడా అన్‌మౌంట్ అవసరం కాలేదు. చెక్‌సమ్‌లు పోల్చగా మూడు ఫైళ్లే తేడా వచ్చాయి, ఆ మూడూ ఈ రెండు రోజుల్లో మారిన లాగ్ ఫైళ్లే. హరికథల ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ సరిపోయాయి. వచ్చే నెల ఇంకో 4 టీబీ డిస్కు కొని, ఎల్‌వీకన్వర్ట్‌తో దీన్ని రెయిడ్1గా (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే ఏర్పాటు) మార్చవలసి ఉంది.